పై రేవు నీళ్ళు

"టేపు తియ్యకు లోవా. దీనికి జాకెట్టు కుట్టించుకోవడానికి రాలేదు నేను."

మెడలోంచి టేపు తీయబోయిన లోవలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. మిషను బల్ల మీద రత్నమాణిక్యం పెట్టిన చీర కొట్టులో వేసిన మడత విప్పకుండానే ఉంది. ఆకుపచ్చది, వంకాయరంగు అంచు. మంచి చీరే. పాలకొల్లులో కొన్నదని సంచీ మీది పేరే చెబుతోంది.

"కట్టుకోవా పిన్నీ?"

"ఎలా కడతానే? పాత పేపరొకటి చుట్టి, దారం కట్టివ్వు. ఈ పూట బుల్లబ్బాయిగారింటికి జాకెట్లు ఇవ్వడానికి వెళ్తున్నావుగా, వాటితోపాటు దీన్నీ పట్టుకెళ్ళు."

లోవలక్ష్మి తొక్కుడుపలక మీదనించి కాళ్ళు తీసేసింది. మిషను ఆగితే ఆ చిన్న గదిలో పక్కింటి కోడిపెట్ట గోల కూడా వినబడుతుంది.

చీర ఎందుకొచ్చిందో లోవలక్ష్మికి విడమర్చి చెప్పక్కర్లేదు. మాణిక్యం ఊళ్ళో బాలింతలకీ, చంటిపిల్లలకీ నీళ్ళు పోసే మనిషి. కాళ్ళు బారజాపి పీట మీద కూచుని, పిల్లాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఆముదం అంటి, సున్నిపిండితో నలిచి, చెంబుతో వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికిచ్చేదాకా ఆ పిల్లాడు ఆవిడ సొత్తు. లోవలక్ష్మి పిల్లలిద్దరూ ఆ కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నవాళ్ళే. రెండోవాడు సొట్టతలతో పుడితే రోజూ అరచేత్తో ఒత్తి ఒత్తి గుండ్రంగా తెచ్చింది. చేతివాసి గల మనిషని చుట్టుపక్కల ఊళ్ళనించి కూడా కబురొచ్చేది. బారసాలనాడు ఆఖరి చెంబు పోశాక, ఆ తడిపీట మీదే కూచోబెట్టి, బొట్టుపెట్టి ఓ చీర పెట్టడం మామూలు. అది పని అయిపోయిందని పెట్టే చీర.

బుల్లబ్బాయిగారి కూతురు సాయిదుర్గ పురుడు పోసుకుని ఆస్పత్రి నించి నిన్ననే ఇంటికొచ్చింది. ఇంకా మొదటి చెంబే పొయ్యలేదు.

"ఎవరు తెచ్చారు?" అంది లోవలక్ష్మి.

"పాలేరు వెంకన్న. పొద్దున్నే, నేను వాకిలి చిమ్ముతుంటే. 'అమ్మగారు ఇమ్మన్నారు, శ్రమపడి రావక్కర్లేదన్నారు' అన్నాడు. వాడికీ సిగ్గేసింది పాపం, నేల చూసుకుంటూ చెప్పాడు. నేను ఆముదం కాచి సీసాలో పోసి పెట్టుకున్నానే. ఆ పిల్ల పుట్టినప్పుడు నీళ్ళు పోసింది నేను. ఆ పిల్ల మేనత్తకి పోశాను. ఇప్పుడు దాని కొడుక్కి నా చెయ్యి పనికిరాకుండా పోయింది."

లోవలక్ష్మి లేచి వెళ్ళి పొయ్యి మీదున్న టీ రెండు స్టీలు గ్లాసుల్లో పోసుకొచ్చింది. తన గ్లాసు కొంగుతో పట్టుకుంది. రెండోది పళ్ళెంలో పెట్టి తెచ్చింది. మాణిక్యం పళ్ళెం వదిలేసి గ్లాసు మాత్రం ఉత్త అరచేత్తో తీసుకుంది. లోవలక్ష్మి చూపు ఒక్క క్షణం ఆ చేతి మీద ఆగింది. వెంటనే తిప్పుకుంది.

"చూశావులే," అంది మాణిక్యం. "అందరూ చూస్తున్నారు ఈమధ్య. గ్లాసు కాలుతోందే. నాకు తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ తెలుస్తూనే ఉంది. తెలియనట్టు పట్టుకోవడం అలవాటు, అంతే. కాగులోంచి మరిగే నీళ్ళు తీసి చన్నీళ్ళతో తొలిపేటప్పుడు చెయ్యి కాలిందని గంతులేస్తే ఒళ్ళో పసివాడేమవుతాడు?"

కొండల్లో ఉడుకునీళ్ళు ఊరే బుగ్గ దగ్గర ఏం జరిగిందన్న దాని మీద ఊళ్ళో నాలుగు రకాల కథలున్నాయి. అన్నీ లోవలక్ష్మి మిషను దగ్గరికొచ్చాయి. చంకలు వదులు చెయ్యమనీ, మెడ దించమనీ వచ్చినవాళ్ళు తలో కథా చెప్పి వెళ్ళారు. మాణిక్యం నోటంట మాత్రం ఒక్కటీ రాలేదు. లోవలక్ష్మీ అడగలేదు. కుట్టు ఊడదీసేటప్పుడు దారం లాగకూడదు, తెగుతుంది. ఒక్కో పోగూ దానంతటది వదలాలి.

టీ సగమయ్యాక మాణిక్యం మొదలుపెట్టింది.

"కార్తీకంలో వెళ్ళాం. వనభోజనాలన్నట్టు. పోలవరం దాటి లాంచీలో కొంత దూరం పోతే కొండల్లో ఉడుకునీళ్ళ బుగ్గ ఉందిట. కాసేపు అందులో కాళ్ళు పెట్టుకుని కూచుంటే కీళ్ళనొప్పులు పోతాయని ఎవరో బుల్లబ్బాయిగారి చెవిన వేశారు. ఆయనకి తల్లంటే ప్రాణం, అది కాదనకూడదు. సూరాయమ్మగారు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతుంటే చూడలేక సుమో మాట్లాడాడు. సాయిదుర్గ కూడా వస్తానని ఒకటే పేచీ. కడుపుతో ఉన్నదానివి ఏరు దాటకూడదని నాయనమ్మ కసిరింది. 'నా బదులు మాణిక్యమ్మని తీసుకెళ్ళండి, నాయనమ్మని చూసుకుంటుంది' అని ఆ పిల్లే అంది. అలా ఎక్కాను బండి."

"నువ్వెప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదుగా."

"పుష్కరాలకి కొవ్వూరు వెళ్ళాను. అక్కడ జనమే కనిపించారు గాని నీళ్ళు కనిపించలేదు."

ఇద్దరూ నవ్వారు. మాణిక్యం పంటి సందులు కనబడేలా నవ్వింది.

"తణుకు దాటేసరికి తెల్లారింది. పులిహోర, బూరెలు, గోంగూర పచ్చడి, ఇంత పెరుగు. దారంతా తింటూనే ఉన్నారు. లాంచీ ఎక్కాక మాత్రం ఎవరూ మాట్లాడలేదు లోవా. రెండుపక్కలా కొండలు. మన ఊళ్ళో ఎటుచూసినా చేను, చేను చివర ఆకాశం. అక్కడ ఆకాశం గుడ్డపీలికంతే కనబడింది. పెద్దావిడ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. ఆవిడ తల అంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలీదు."

మాణిక్యం గ్లాసు నేల మీద పెట్టి కాళ్ళు చాపుకుంది. పిల్లల్ని పడుకోబెట్టుకునే తీరులోనే, రెండు మడమలూ దగ్గరగా.

"లాంచీ దిగి కొంచెం నడిస్తే బుగ్గ. బండరాయి కిందనించి నీళ్ళు బుడబుడా పైకొస్తున్నాయి. పొయ్యి లేదు, పుల్ల లేదు, ఊదుగొట్టం లేదు. కాగుతున్నాయి! నాకు నవ్వాగలేదు. ఇదేదో ముందే తెలిస్తే ఇన్నాళ్ళూ పొగలో కళ్ళు పోగొట్టుకునేదాన్నా అన్నాను. సూరాయమ్మగారు కూడా నవ్వి, 'నీ పనికి ఎసరు పెట్టే చోటుకే వచ్చావే మాణిక్యం' అంది."

లోవలక్ష్మి కాజాలు కుట్టే సూది తీసి, దారం ఎక్కించి, ఏమీ కుట్టకుండా పట్టుకుంది.

"మన కాలవకి రెండు రేవులు కదే. పై రేవు పెద్ద ఇళ్ళవాళ్ళది, కింది రేవు మనది. వాళ్ళ సబ్బు నురగ మన దగ్గరికొస్తుంది గాని మన నురగ పైకి పోదు. ఎవరూ చెప్పరు. పుట్టినకాడినించీ కాళ్ళే వెళ్ళిపోతాయి. అక్కడా అంతే అయింది. బుల్లబ్బాయిగారు చుట్టూ చూసి, 'అమ్మని పైన కూచోబెట్టండి, కింద అందరూ కడుక్కున్న నీళ్ళొస్తాయి' అన్నాడు. నన్నెవరూ పొమ్మనలేదు. నా కాళ్ళే కిందికి దిగిపోయాయి. కింద చల్లని వాగొకటి వచ్చి ఈ నీళ్ళల్లో కలుస్తోంది. మోకాటిలోతు మడుగు. కూచున్నాను."

"ఎలా ఉన్నాయి?"

మాణిక్యం ముడుచుకున్న వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"నేను తొలిపినట్టున్నాయి," అంది. "సరిగ్గా నేను తొలిపినట్టు. నా పురుటికి మా అత్త నీళ్ళు పోసింది, సగం చల్లారినవి, సగం తిట్లు. ఆ తర్వాత ఇంకొకళ్ళు నాకు వేడినీళ్ళు పెట్టింది లేదు. నడుం దాకా నీళ్ళు. ఈ వేళ్ళు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయా, వాటంతటవి విచ్చుకున్నాయి. ఇంటికి పోయి లోవతో చెప్పాలి అనుకున్నాను. నిజంగా. చీర ఆరేదాకా కూడా ఆగకుండా చెప్పాలి అనుకున్నాను."

"మరి చెప్పలేదే."

"చెప్పడానికి ఏం మిగిలిందే. అప్పుడే కదా బుల్లబ్బాయిగారు పైనించి కేకేసింది. 'మాణిక్యం, నీళ్ళెలా ఉన్నాయే?' అని. ఆ ఇంట్లో ఎవరు నీళ్ళు పోసుకోవాలన్నా నన్నడగడం అలవాటు. నేనెక్కడున్నానో ఆయన చూడలేదు. వాళ్ళెక్కడున్నారో నేను చూడలేదు. మధ్యలో పెద్ద బండ. నా కింద నీళ్ళల్లో చెయ్యి పెట్టి, 'చంటిపిల్లలకి పోసేలా ఉన్నాయి బాబుగారూ, కూచోబెట్టండి' అన్నాను."

లోవలక్ష్మి సూది బల్ల మీద గుచ్చేసింది.

"కాలవలో అయితే అది తప్పు కాదు," అంది మాణిక్యం. "కాలవలో పైనా కిందా ఒకటే నీళ్ళు. మురికే తేడా. వేడిలో కూడా పైనా కిందా ఉంటుందని వాళ్ళకి తోచలేదు, నాకూ తోచలేదు. మా అందరి బుర్రలోనూ ఉన్నది మన కాలవే."

"ఒక్కరైనా చెయ్యి పెట్టి చూసుకోరా?"

"ఆడవాళ్ళ స్నానమని ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. కోడలుగారు అంచు తడవకుండా చీర ఎత్తిపట్టుకుని, అత్తగారిని రాతి మీద కూచోబెట్టి, పాదాలు నీళ్ళల్లోకి దింపింది. మాణిక్యం బాగున్నాయందిగా. ఇంక చూడ్డమెందుకు? 'ఎలా ఉందత్తయ్యా?' అంటే 'బాగుందమ్మా' అంది పెద్దావిడ. చాపలు పరవడానికి అందరూ వెళ్ళిపోయారు."

"అదే పిన్నీ నాకు అర్థం కానిది. ఊళ్ళో ఎవరూ చెప్పనిదీ అదే. అంత వేడి నీళ్ళు. పెట్టగానే కెవ్వుమని కాళ్ళు తీసెయ్యదూ ఆవిడ?"

ఇన్నాళ్ళూ లోవలక్ష్మి అడగకుండా దాచుకున్న ప్రశ్న ఇదే. మాణిక్యం గుమ్మం వైపు చూసింది. వీధిలో ఎవరూ లేరు.

"ఆవిడకి పాదాలు తెలియవే."

"తెలియవంటే?"

"సుగరు. పాదాలు తిమ్మిరెక్కి మొద్దులైపోయాయి. ఏడాది పైనే అయింది. సాయంత్రాలు నేనేగా కాళ్ళకి నూనె రాసేది? ఓ రోజు మడమలో తుమ్మముల్లు దొరికింది. ఎంత ముల్లనుకున్నావు! చుట్టూ చీము పట్టింది. ఆవిడకి తెలీనే తెలీదు. నేను బయటికి లాగి చూపిస్తే తెల్లబోయింది. 'ఎవరికీ చెప్పకు మాణిక్యం. తెలిస్తే నన్ను మంచం దిగనివ్వరు. గుడికి కూడా పంపరు' అని నా చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. ఎవరి తల మీద ఒట్టు? ఆవిడ తల మీదే. నేను నోరు విప్పితే ఆవిడకి కీడు."

పక్కింటి కోడిపెట్ట గోల ఆపింది.

"నేను పైకెక్కి చూసేసరికి పాదాల మీద చర్మం ఉడికిన చిలకడదుంప తొక్కలా వదిలేసింది. ఆవిడ కొండ వంక చూస్తూ హాయిగా కూచుంది. నేను అరిచాను. ఆ పాదాలు పట్టుకుని నా తడికొంగులో పెట్టుకున్నాను. బుల్లబ్బాయిగారు వచ్చి నా చెయ్యి విదిలించేశాడు. 'ముట్టుకోకు. నీ చెయ్యి మొద్దుబారిపోయింది, మాకే తెలీలేదు' అన్నాడు. ఆ మాట మాకంటే ముందు ఊరు చేరింది."

"పెద్దావిడ ఏమంది?"

"నన్ను చూసింది. నేనూ చూశాను. 'కాదురా అబ్బాయ్, నా కాళ్ళకే తెలీదు' అంటుందని చూశాను. కళ్ళు మూసుకుంది."

మాణిక్యం గొంతు పెరగలేదు. ధర అడిగి బేరం కుదరక వెళ్ళిపోయే మనిషిలా చెప్పింది.

"లాంచీలో ఇంజను పక్కన కూచున్నాను, చప్పుడుకి ఎవరి మాటలూ వినబడకుండా. రాజమండ్రి ఆస్పత్రిలో దింపి, బండిలో నన్నొక్కదాన్నీ ఇంటికి పంపారు. పులిహోర డబ్బా నాకే ఇచ్చారు, పాడైపోతుందని. దూడ కూడా తినలేదు దాన్ని. తర్వాత ఆవిడకి రెండు వేళ్ళు తీసేశారని విన్నాను. ఉండబట్టలేక ఓసారి వెళ్ళాను. వసారాలో మంచం మీద ఉంది. పక్కన కోడలు. 'మాణిక్యం వచ్చిందత్తయ్యా' అంటే గోడకేసి తిరిగి, 'కాఫీ ఇచ్చి పంపు' అంది. తాగేసి వచ్చాను. వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగాను, వాళ్ళకి కనబడేలా."

లోవలక్ష్మికి ఆ సంక్రాంతి నెలంతా గుర్తొచ్చింది. పోస్టుమాస్టరుగారి కోడలు ముందు కబురంపి తర్వాత వద్దంది. కమ్మరివీధిలో పుట్టిన కవలలకి వాళ్ళ అమ్మమ్మే ఎలాగో పోసుకుంది. రెడీమేడ్ జాకెట్లు వచ్చినప్పుడు తన మిషనూ నెలరోజులు ఇలాగే ఆగింది. కాని అప్పుడు ఎవరూ తన చేతిని అనుమానించలేదు.

"ఒట్టు తీసి గట్టున పెట్టు పిన్నీ. ఇప్పుడే పద, ఇద్దరం వెళ్దాం. బుల్లబ్బాయిగారి ముందే చెప్పెయ్. నీ చెయ్యి బాగానే ఉందనీ, ఆవిడ కాళ్ళే చచ్చుబడ్డాయనీ."

"చెప్తే?"

"నిజం తెలుస్తుంది."

"ఎవరికి? డాక్టరు వాళ్ళకి ఈపాటికి చెప్పే ఉంటాడే, కాళ్ళకి స్పర్శ లేదని. వేళ్ళు కోసినవాడికి తెలీదా? తెలిసీ చీర పంపారు. ఎందుకంటే, ఆ మాట ఒప్పుకుంటే నీళ్ళు చూసుకోకుండా తల్లిని కూచోబెట్టింది ఎవరు అన్న మాట వస్తుంది. నా చెయ్యి మొద్దుబారితే ఆ ఇంట్లో అందరూ బాగుంటారు. ఇక పెద్దావిడ 'నేనెప్పుడన్నాను, ఒట్టెప్పుడు వేయించుకున్నాను' అందనుకో. అప్పుడు చెయ్యే కాదు, నోరు కూడా పోతుంది నాకు."

"నాతో చెప్పేశావుగా మరి."

"నీతో ఎవరు చెప్పారు? మిషనుతో చెప్పాను."

లోవలక్ష్మికి నవ్వొచ్చింది గాని అది మొహం దాకా రాలేదు. పాత పేపరు పరిచి చీర మధ్యలో పెట్టింది. మూలలు మడిచి, పురికొస కోసం సొరుగు వెతికింది. మాణిక్యం ఆ పొట్లం కట్టడం కన్నార్పకుండా చూసింది. ముడి పడ్డాక ఒక్కసారి చీర అంచు ఉన్నచోట పేపరు మీద బొటనవేలితో రాసింది.

"రంగు బాగుంది," అంది. "ఎంచింది సాయిదుర్గే అయ్యుంటుంది. దానికి చిన్నప్పటినించీ ఆకుపచ్చ అంటే ఇష్టం."

"పిన్నీ, పోనీ ఉంచుకోకూడదూ? వాళ్ళ తప్పు వాళ్ళది. చీరేం చేసింది?"

"పొయ్యని నీళ్ళకి చీర కట్టుకుంటే ఇంక ఈ చెయ్యి పోయినట్టే. నేనే ఒప్పుకున్నట్టు." లేచి, మోకాళ్ళ మీద చేతులానించుకుని నిలబడింది. "ఇది కోడలుగారికివ్వకు. బుల్లబ్బాయిగారికీ ఇవ్వకు. వసారాలో పెద్దావిడ మంచం ఉంటుంది, ఆవిడ చేతుల్లోనే పెట్టు. 'మాణిక్యం ఎవరికీ ఏమీ చెప్పలేదు' అను. అంతే. ఇంకో మాట అనకు. నీకసలే నోరాగదు."

"అలాగే."

లోవలక్ష్మి కుట్టిన జాకెట్లు సంచీలో వేసుకుని, పైన పొట్లం పెట్టుకుంది. మాణిక్యం బయటికొచ్చాక తలుపు దగ్గరగా వేసి వీధిలోకి దిగింది. పది అడుగులు వేసిందో లేదో వెనకనించి మాణిక్యం పిలుపు.

"ఇదిగో, వచ్చేటప్పుడు వీధిగుమ్మంలోంచి రాకు. పెరటివైపు తిరిగి రా. ఇప్పుడు నీళ్ళు పోసే వేళే. ఎవర్ని పెట్టుకున్నారో నాకక్కర్లేదు, పేరు చెప్పకు. దడి పక్కన కాసేపు నిలబడు. నీళ్ళు వేడెక్కువైతే పిల్లాడు ఒకలా ఏడుస్తాడు, చల్లబడితే ఇంకోలా ఏడుస్తాడు. అది నీకు తెలీదులే. నువ్వు ఊరికే విని, గుర్తుపెట్టుకునొచ్చి, నాకు ఏడ్చి చూపించు."